అడ్డులేని తరంగము, అందని మాట

వికారాబాదు జిల్లా పూడూరు మండలమున దామగుండము అను అడవి కలదు. ఆ యడవిలో రామలింగేశ్వరస్వామి ఆలయమున్నది. 2024 అక్టోబరులో అచ్చట సుమారు 2,900 ఎకరముల అటవీభూమిలో భారత నౌకాదళము వారి రేడియో కేంద్రమునకు శంకుస్థాపన జరిగినది. సముద్రము కనుచూపు మేరలో లేని తెలంగాణమున నౌకాదళమునకు పని యేమి యని పలువురు ఆశ్చర్యపడిరి. చెట్లు పోవునని, మూసీనది పుట్టిన కొండల నీటిపట్టు చెడునని కొందరు అభ్యంతరము చెప్పిరి. దేశరక్షణ కంటె మిన్న యేది యని మరికొందరు బదులు చెప్పిరి. ఈ వాదములో తీర్పు చెప్పుట ఈ వ్యాసమునకు ఉద్దేశము కాదు. అయితే ఆ వాదమునకు మూలమైన అవసరమొకటి కలదు. అది విచారింపదగినది.

సముద్రగర్భమున దాగియున్న జలాంతర్గామికి ఒక మాట చేర్చుట మిక్కిలి కష్టము. ఉప్పునీరు విద్యుత్తును ప్రవహింపజేయును గనుక రేడియో తరంగములను మ్రింగివేయును. ఇంటిలోని రేడియోకు పాట తెచ్చు తరంగములు ఆ నీటిలో ఒకటి రెండు మీటర్లకు మించి దిగజాలవు. పది పదిహేను కిలోమీటర్ల నిడివి గల మందగతి తరంగములు మాత్రమే ఏ పది, ఇరువది మీటర్ల లోతునకో పోవును. అంత నిడివి గల తరంగమును పుట్టించుటకు మహోన్నతములైన స్తంభములు, వాటిని కలుపు తీగలు, వాటికి తగిన భూమి కావలెను. తమిళనాడులో తిరునెల్వేలి ప్రాంతమున ఐ.ఎన్.ఎస్. కట్టబొమ్మన్ అను కేంద్రము ఇట్టిదే. అమెరికా నౌకాదళము ఇంకను లోతునకు పోగోరి సెకనుకు 76 కంపనములు మాత్రమే గల తరంగములను వాడెను. విస్కాన్సిన్, మిచిగన్ రాష్ట్రముల అడవులలో మైళ్ల కొలది తీగలు పరచి 1989 నుండి 2004 వరకు ఆ కేంద్రమును నడపెను. అంత చేసినను మూడక్షరముల సంకేతమొకటి చేరుటకు పదిహేను నిమిషములు పట్టెడిదట. వారి మాటకు అడవి వెలయైనది. మాట మాత్రము మూడక్షరములే.

ఇట్టి స్థితిలో మానవుని మనస్సు సహజముగా ఒక కోరిక కోరును. కొండకు, సముద్రమునకు, భూగోళమునకే ఆగని తరంగమొకటి యున్నచో ఎంత బాగుండును! స్తంభములు అక్కరలేదు, ఉపగ్రహములు అక్కరలేదు. పలికినది నేరుగా భూమిలోనుండి దూసికొనిపోయి అవతలివానిని చేరును. నడుమ నెవ్వడును దానిని ఆపలేడు, చెరుపలేడు.

అట్టి తరంగము ప్రకృతిలో లేకపోలేదు. గురుత్వ తరంగము అట్టిదే. ద్రవ్యము కదలినపుడు దాని ఆకర్షణ యందలి మార్పు అన్ని దిక్కులకు తక్షణమే తెలియదనియు, కాంతివేగముతో అలవలె ప్రసరించుననియు ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ 1916లో ప్రతిపాదించెను. ఆ అల సోకిన చోట దేశమే ఒక వైపు సాగును, దానికి అడ్డముగా నున్న వైపు కుదించుకొనును, మరుక్షణమున తారుమారగును. దానిని ఏదియు ఆపలేకపోవుటకు కారణము సులభముగా తెలియదగినదే. విద్యుత్తునందు ధనము, ఋణము అను రెండు విధములు కలవు. లోహపు పలకలో అవి అటునిటు సర్దుకొని, వచ్చిన తరంగమునకు ఎదురు తరంగమును పుట్టించి దానిని ఆపును. ద్రవ్యమున ఇట్టి ద్వంద్వము లేదు. ద్రవ్యమంతయు ఆకర్షించునదే, వికర్షించు ద్రవ్యము లేదు. కనుక గురుత్వమునకు గొడుగు పట్టు వస్తువు లోకమున లేదు.

ఆ తరంగములున్నవన్న సాక్ష్యము 2015 సెప్టెంబరు 14న దొరికినది. సుమారు 130 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున రెండు కృష్ణబిలములు ఒకదానిలో నొకటి కలిసిపోగా పుట్టిన అల అమెరికాలోని లైగో పరికరములను కదల్చెను. ఆ కలయికలో మూడు సూర్యుల ద్రవ్యమునకు సమానమైన శక్తి తరంగరూపమున వెడలిపోయినది. నాలుగు కిలోమీటర్ల పొడవు గల పరికరపు బాహువులో కలిగిన మార్పు ప్రోటాను వెడల్పులో నూరవ వంతు కంటెను తక్కువ. ఆ వార్త 2016 ఫిబ్రవరిలో ప్రకటింపబడినది. 2017లో రైనర్ వైస్, బారీ బేరిష్, కిప్ థోర్న్ అను మువ్వురకు నోబెల్ బహుమానము వచ్చినది.

మూడు సూర్యులు కరగి వెలువడిన శక్తికి ఇచ్చట ఫలితము ప్రోటానులో నూరవ వంతు కూడ లేదు. ఈ రెండు పరిమాణములను పాఠకులు మనస్సున నుంచుకొనవలెను.

ప్రకృతి పుట్టించు ఈ తరంగమును మనుష్యుడు తానే పుట్టించి వార్తాహరునిగా నియోగింపగలడా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మేరీలాండ్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు జోసెఫ్ వెబర్ 1960లో ప్రకటించిన వ్యాసములో గురుత్వ తరంగములను గుర్తించుటనే కాక, ప్రయోగశాలలో పుట్టించుటను గూర్చి కూడ చర్చించెను. అటుపిమ్మట పలువురు సెకనుకు లక్షలు, కోట్లు కంపనములు గల తరంగములపై ఆశ పెట్టుకొనిరి. అధిక పౌనఃపున్యమును కోరుటకు రెండు హేతువులు కలవు. తరంగము ఎంత వడిగా కంపించిన అంత వడిగా వార్తను మోయును. మఱియు ఒక వస్తువును గిరగిర త్రిప్పి ఈ తరంగములు పుట్టించినపుడు వేగము రెట్టింపైనచో వెలువడు శక్తి 64 రెట్లగును. ఇది వినినపుడు ఎవనికైనను ఆశ కలుగకమానదు.

ఆశకు లెక్క తోడు కావలెను. 20 మీటర్ల పొడవు, 490 టన్నుల బరువు గల ఉక్కు దూలమును ఊహింపుడు. దానిని నడిమికి పట్టి, ముక్కలై యెగిరిపోవునంతటి అంచున, సెకనుకు నాలుగు మారులకు పైగా త్రిప్పితిమనుకొందము. దాని నుండి వెలువడు గురుత్వ తరంగశక్తి దశాంశ బిందువు తరువాత ఇరువదియెనిమిది సున్నలు వ్రాసి పిదప రెండు అంకె వేసినన్ని వాట్లు మాత్రమే. ఉక్కు ఇంతకంటె వేగమునకు ఓర్వదు. చిన్న వస్తువైనచో వడిగా త్రిప్పవచ్చును గాని దాని ద్రవ్యము తక్కువ. అరువదినాలుగు రెట్ల ఆశ ఇచ్చటనే ఆగిపోవును. సూర్యుని చుట్టు తిరుగు భూగోళమంతయు వెలువరించు గురుత్వ తరంగశక్తి సుమారు 200 వాట్లు. పాతకాలపు నూరు వాట్ల దీపములు రెండింటికి సరిపోవును.

ఇంత స్వల్పమగుటకు ఒక ముఖ్యకారణము కలదు. ఒక వస్తువును ముందునకు త్రోసినచో త్రోసినది వెనుకకు పోవును. దూలమును కదల్పబోయిన యంత్రము, యంత్రమును మోయు నేల, ఆ మేరకు ఎదురు దిక్కునకు కదలును. ముందునకు పోయినదాని వార్తను వెనుకకు పోయినదాని వార్త చాలవరకు చెరిపివేయును. మిగిలిన స్వల్పశేషమే తరంగము. విద్యుత్తునందు తేలికయైన ఎలక్ట్రాను ఒక్కటే ఊగి, బరువైన తక్కినది ఇంచుమించు నిలిచియుండుటచేత తరంగము బలముగా వెలువడును. గురుత్వమున అట్టి వెసులుబాటు లేదు.

త్రిప్పుట వలన కాదన్నచో మరియొక మార్గము కలదు. బలమైన అయస్కాంత క్షేత్రము గుండా కాంతిని పంపినచో అందులో అత్యల్పాంశము గురుత్వ తరంగముగా మారునని గెర్ట్‌సెన్‌ష్టైన్ అను రష్యా శాస్త్రజ్ఞుడు 1962లో చూపెను. సిద్ధాంతములో దోషము లేదు. జెనీవా వద్ద భూగర్భమున నున్న మహాయంత్రపు అయస్కాంతములకు దీటైనది, పది టెస్లాల బలము, పది మీటర్ల పొడవు గలది తీసికొందము. దానిలో ప్రవేశించిన కాంతిలో తరంగముగా మారునది ఎంత? ఒకటి తరువాత ముప్పదిమూడు సున్నలు చుట్టిన సంఖ్యలో సుమారు ఒక్క వంతు. అనగా పది లక్షల వాట్ల కాంతిని రాత్రింబవళ్లు పంపినను పదేండ్లకు పైబడి ఒక్క గ్రావిటాను కణము వెలువడునేమో. లోకములో ఉత్పత్తియగు విద్యుత్తంతయు, సుమారు మూడు లక్షల కోట్ల వాట్లు, కాంతిగా మార్చి ఆ యయస్కాంతములో పోసినచో రెండు మూడు నిమిషములకొక కణము వచ్చును. ఊళ్లలో దీపములు ఆర్పి, రైళ్లు ఆపి, మిల్లులు మూసి పంపిన వార్త అది.

పంపితిమనుకొందము. అందుకొనువాడు కూడ అట్టి అయస్కాంతమునే పెట్టుకొని, వచ్చిన కణమును మరల కాంతిగా మార్చుకొనవలెను. ఆ మార్పు కూడ అదే నిష్పత్తిలో జరుగును. ముప్పదిమూడు సున్నల సంఖ్యలో కణములు వచ్చినచో ఒక్క కాంతికణము దక్కును. అందుకు పట్టు కాలము విశ్వము వయస్సునకు కోట్ల కోట్ల రెట్లు. పంపునపుడు పడిన దెబ్బయే అందుకొనునపుడు మరల పడుచున్నది. ఇది యాదృచ్ఛికము కాదు.

ఈ విషయమున జిజ్ఞాసువు నిలిచి ఆలోచింపవలసిన చోటు ఇదియే. ఒక వస్తువు ఒక వార్తను అందుకొనెననగా నేమి? చెవిలోని పొర గాలి కదలికను కొంత ఆపి, దానిచే తాను కదలినది. కంటిలోని పొర వెలుతురును మ్రింగినది. మ్రింగిన వెలుతురు అచ్చటితో ముగిసినది. రేడియో కడ్డీ తన మీదుగా పోవు తరంగము నుండి కొంత శక్తిని గ్రహించును. ఆ మేరకు దాని వెనుక నీడ పడును. వినుట యనగా కొంత అడ్డగించుటయే. కొండకు ఆగని తరంగము, కొండవంటిదే యైన గ్రాహకమునకు ఏల ఆగవలెను? కొండను ఏమరించి పోయి, గ్రాహకమును మాత్రము గుర్తుపట్టి నిలుచు తెలివి తరంగమునకు లేదు. ఏ గుణమును చూచి దానిని కోరిరో ఆ గుణమే దానిని అందనీయకున్నది.

గోడకు ఆగని రేడియో తరంగము కడ్డీకి ఆగుచున్నది గదా యని అడుగవచ్చును. సమంజసమైన ప్రశ్నయే. లోహములో స్వేచ్ఛగా తిరుగాడు ఎలక్ట్రానులు కలవు, ఇటుకలో లేవు. వస్తుభేదమును బట్టి ఫలభేదము. గురుత్వ తరంగమునకు అట్టి పక్షపాతము లేదు. ఇనుము, మట్టి, నీరు, మనుష్యదేహము దానికి ద్రవ్యమాత్రములే. లైగో విన్నది గదా యందురా? అది తరంగమును మ్రింగలేదు, దాని వలన కలిగిన చలనమును కొలిచినది. నిజమే. కాని అట్లు కొలుచుటకు అవతల కరగినది మూడు సూర్యులు. ఇవతల తిరుగునది ఉక్కు దూలము.

అడ్డులేమికి, అందుకొనలేమికి గల ఈ సంబంధమును మరియొక ప్రయోగము చక్కగా చూపును. న్యూట్రినో అను కణము కూడ భూమిని అవలీలగా దాటిపోవునదే, అయినను గురుత్వ తరంగము వలె అంత నిర్లిప్తము కాదు. 2012లో అమెరికాలోని ఫెర్మీ ప్రయోగశాల వారు న్యూట్రినోల ధారతో 240 మీటర్ల రాతిపొర గుండా ఒక్క మాట పంపి చేర్చిరి. ఆ మాట ‘న్యూట్రినో’. పంపుటకు లోకములోని శక్తిమంతములైన యంత్రములలో ఒకటి, అందుకొనుటకు 170 టన్నుల పరికరము కావలసివచ్చెను. ‘ఔను’ లేక ‘కాదు’ అను ఒక్క సంకేతమునకు పది సెకనులు పట్టెను. వారు ఆ వేగమును దాచలేదు. వ్యాసములో స్పష్టముగా వ్రాసిరి. అందుచేతనే ఆ ప్రయోగము గౌరవింపదగినదైనది.

ఇక ధర్మవిచారమునకు వత్తము. తరంగమునకు అడ్డు లేనిదే వినికిడి లేనట్లు, ఒకడు చెప్పిన సిద్ధాంతమునకు కూడ ఎవడో ఒకడు అడ్డు తగులవలెనా? ఈ తరంగముల చరిత్ర ఆ ప్రశ్నకు విచిత్రమైన సాక్ష్యము.

1936లో ఐన్‌స్టీన్, తన సహాయకుడు నాథన్ రోజెన్‌తో కలిసి, గురుత్వ తరంగములు అసలు లేవని నిరూపించితిమని తలచి ఫిజికల్ రివ్యూ పత్రికకు వ్యాసము పంపెను. తానే ఇరువదేండ్ల క్రిందట ప్రతిపాదించినదానిని తానే కాదనెనన్నమాట! సంపాదకుడు దానిని ఒక విద్వాంసునికి చూపగా, ఆ విద్వాంసుడు దోషమెత్తి చూపెను. ఐన్‌స్టీన్‌కు కోపము వచ్చినది. ప్రకటనకు పంపిన వ్యాసమును ప్రకటింపక ముందే ఇతరులకు చూపుటకు అనుమతి యీయలేదని వ్రాసి, దానిని వెనుకకు తీసికొనెను. ఆ తరువాత పరిశోధన వ్యాసమేదియు ఆ పత్రికకు పంపలేదు. కాని కొన్ని నెలలకు హోవార్డ్ రాబర్ట్‌సన్ అను ఆచార్యుడు సంభాషణలో అదే దోషమును మెల్లగా తెలియజేసెను. తప్పు గ్రహించిన ఐన్‌స్టీన్ వ్యాసపు ముగింపును మార్చి, 1937లో మరియొక పత్రికలో ప్రకటించెను. మొదట దోషమెత్తిన అజ్ఞాత విద్వాంసుడు కూడ ఆ రాబర్ట్‌సనేయని లోకమునకు నిశ్చయముగా తెలిసినది 2005లో. అంతటి మహానుభావునికి అడ్డు చెప్పి, పేరు చెప్పుకొనక ఊరకుండిన ఆ మనుష్యుని ఓర్పు కొనియాడదగినది. ఐన్‌స్టీన్ కోపము కూడ మనుష్యసహజమే. ఆయన గొప్పతనము కోపము లేకపోవుటలో కాదు, కోపము వచ్చిన పిదప కూడ మాట చెవికెక్కుటలో నున్నది.

జోసెఫ్ వెబర్ కథ ఇంతకంటె విషాదకరము. ఆయన యౌవనమున నౌకాదళమున పనిచేసినవాడు. 1942లో జపాను వారి దాడిలో మునిగిన లెక్సింగ్టన్ నౌక నుండి బయటపడెను. యుద్ధానంతరము ఆచార్యుడై, ఎవ్వరును సాహసింపని పనికి పూనుకొనెను. టన్నుకు పైగా బరువు గల అల్యూమినియము స్తంభములను పోతపోయించి, గాలి లేని పీపాలలో వ్రేలాడదీసి, వాటి నడుమునకు స్ఫటికములు అంటించెను. సెకనుకు సుమారు 1,660 కంపనముల తరంగము సోకినచో స్తంభము గంటవలె అతి సూక్ష్మముగా మ్రోగవలెను. ఒక స్తంభము మేరీలాండున, మరియొకటి వేయి కిలోమీటర్ల దూరమున షికాగో వద్ద నుంచెను. రెండును ఒకేసారి మ్రోగినచో అది భూమి మీది చప్పుడు కాదని భావము. 1969లో అట్టి మ్రోతలు వినబడినవని ఆయన ప్రకటించెను. లోకము ఉలికిపడినది.

అమెరికా, రష్యా, జర్మనీ, బ్రిటన్, ఇటలీ దేశములలో పలువురు తమ తమ స్తంభములు నిర్మించి కాచుకొనిరి. వారికి మ్రోత వినబడలేదు. వెబర్ చెప్పినంత బలముగా తరంగములు మన నక్షత్రవీథి కేంద్రము నుండి వచ్చుచున్నచో, అచ్చట ఏటికి సుమారు వేయి సూర్యుల ద్రవ్యము కరగిపోవలసివచ్చును. అది నమ్మశక్యము కాదు. ఒక సందర్భమున తన పరికరము, రోచెస్టరు వారి పరికరము ఒకేసారి మ్రోగెనని ఆయన చెప్పగా, ఇరువురి గడియారముల లెక్కలో నాలుగు గంటల భేదమున్నదని తేలినది. అనగా ఒకేసారి మ్రోగినవని చెప్పిన ఘడియలు నిజముగా వేరువేరు వేళలు! వెదకువాడు గట్టిగా కోరినచో చప్పుళ్ల గుంపులో కోరినది కనబడునని దీనివలన తెలిసినది. 1970వ దశాబ్ది నడిమికి శాస్త్రలోకము ఆయన ఫలితమును త్రోసిపుచ్చినది. ఆయన ఒప్పుకొనలేదు. 2000 సంవత్సరమున మరణించువరకు తాను విన్నది నిజమేయని నమ్మెను. సహాయధనము ఆగిపోయినను తన స్తంభములను విడువక, వాటిని నడపుటయే కాయకముగా నెంచి గడపెను.

ఈ మనుష్యుని ఎట్లు తూచవలెను? పొరబడుట దోషము కాదు. ఎవ్వరును నడువని త్రోవను పోవువాడు పొరబడకుండ పోజాలడు. పదుగురు నిశ్శబ్దమును విన్నామని చెప్పినపుడు ఆ నిశ్శబ్దమును కూడ ఒక సమాధానముగా స్వీకరింపకపోవుటయే ఆయన దోషము. అయితే దీనికి ఎదురుగా మరియొకటి చెప్పకపోయినచో అన్యాయమగును. తన పరికరము ఎట్టిదో, ఎంత బరువో, ఎట్లు వ్రేలాడదీసెనో ఆయన దాచలేదు. ఆయన వ్రాసినది చదివి ఇతరులు స్తంభములు కట్టిరి, ఆ స్తంభములతోనే ఆయనను కాదనిరి. తన నుడి అబద్ధమని నిరూపింపదగిన సాధనమును తానే లోకమునకు ఇచ్చినవానిని మోసగాడనుట తగదు. నుడికి, నడకు నడుమ ఆయనలో చీలిక లేదు. చీలిక ఆయన నమ్మికకు, జరిగినదానికి నడుమ నుండెను. ఈ రెండు చీలికలు ఒకటి కావు. పెద్దలు కూడ వీటిని తరచుగా కలిపివేయుదురు.

అడ్డునే తప్పించుకొనజూచు వాగ్దానము వేరు జాతికి చెందినది. అధిక పౌనఃపున్య గురుత్వ తరంగములతో రహస్య వార్తలు పంపవచ్చునని, భూమి లోపలి దృశ్యములు చూడవచ్చునని, వాహనములను సైతము నడపవచ్చునని ప్రతిపాదనలు బయలుదేరినవి. వీటిని విని అమెరికా గూఢచార వ్యవస్థకు ఒక శంక కలిగినది. ‘ఇది సాధ్యమేయైనచో పరదేశమెవరైనను మనకంటె ముందుగా సాధించిన గతియేమి?’ అని. జేసన్ అను స్వతంత్ర శాస్త్రజ్ఞుల మండలిని విచారింపుమని కోరిరి. ఆ మండలి 2008లో నివేదిక యిచ్చెను. అట్టి తరంగములను కృత్రిమముగా పుట్టించి గుర్తించుట కనుచూపు మేరలో సాధ్యము కాదనియు, గ్రాహకమును గూర్చిన లెక్కలు ఎన్నో పదుల రెట్లు తప్పినవనియు, వార్తాప్రసారము మొదలుగా ఏ ప్రయోజనము విషయముననైనను పరదేశభయమునకు తావు లేదనియు నిర్మొగమాటముగా తేల్చెను. ఇట్టి భయములు పుట్టినపుడు సంబంధము లేని విద్వాంసులచే పరీక్ష చేయించుట ఆవశ్యకమని కూడ చెప్పెను.

ఈ ఉదంతమున గమనింపదగిన దేమనగా, అసాధ్యమును నమ్మించుటకు ఆశ ఒక్కటే చాలదు, భయము కూడ తోడగును. ‘మనకు కావలెను’ అన్నపుడు సందేహించు మనుష్యుడు ‘అవతలివానికి దొరకునేమో’ అన్నపుడు సందేహమును మరచును. పుట్టలో పాము నిజముగా నున్నదో లేదో చూచుటకు పూర్వమే కర్రల కొనుగోలు మొదలగును. ఆ కర్రల సొమ్ము ఊరివారిది. వాగ్దానము చేయువాడు పై ఆయస్కాంతపు లెక్కను ఎరుగనివాడైనచో అది అజ్ఞానము. ఎరిగియు, కొండకు ఆగదన్న సగము చెప్పి, గ్రాహకమునకు కూడ ఆగదన్న సగము చెప్పకున్నచో అది అబద్ధము. ప్రతి వాక్యము నిజమై, మొత్తము అబద్ధమగుట ఇట్లే.

ఇచ్చట ప్రతిపక్షము వారి వాదమును కూడ ఆలకింపవలెను. నేడు అసాధ్యమన్నది రేపు సాధ్యమగుట లోకమెరుగును గదా. గురుత్వ తరంగముల ప్రభావము ఆచరణలో సున్నయే యని 1916లో ఐన్‌స్టీనే తలచెను. నూరేండ్లకు అవి దొరికినవి. అట్లే పుట్టించుట కూడ నేర్తుమేమో? ఈ వాదములో సత్యాంశము లేకపోలేదు. అయితే నూరేండ్లలో మారినదేమి? వినువాని చెవి పదునెక్కినది. తరంగము బలము మారలేదు. ఉక్కు తెగు హద్దు, గురుత్వపు బలహీనత, త్రోసినది వెనుకకు పోవుట, ఇవి యంత్రకళా కౌశలముతో మారునవి కావు. ‘ఎన్నటికిని కాదు’ అనుట అహంకారమే కావచ్చును. ‘త్వరలో అగును’ అనుట అంతకంటె పెద్ద అహంకారము. ఈ కారణము వలన కాదు, ఈ కారణము తొలగినచో అగును అని చెప్పుటకు అహంకారము అక్కరలేదు, అయితే అట్టి మాటకు ధనమిచ్చువారు అరుదు.

వినుటకు మాత్రము మన సమీపముననే ఏర్పాటు జరుగుచున్నది. మహారాష్ట్రలోని హింగోలి జిల్లా ఔంఢా నాగనాథము వద్ద లైగో వంటి పరికరమును నిర్మించుటకు 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గము సుమారు 2,600 కోట్ల రూపాయల అంచనాతో ఆమోదము తెలిపినది. 1956 వరకు ఆ ప్రాంతము హైదరాబాదు రాష్ట్రములోనిదే. నాగనాథస్వామిని జ్యోతిర్లింగముగా భావించి దర్శించు యాత్రికులు మన వైపు నుండియు పోవుదురు. ఆ పరికరము ఎవరికిని వార్త పంపదు. పంపగోరుట లేదు. ఎక్కడో కోట్ల యేండ్ల క్రిందట జరిగినదానిని వినుటకు నాలుగు కిలోమీటర్ల బాహువులు రెండు చాచి కూర్చుండును. దాని చుట్టు బండ్ల చప్పుడు, గనుల ప్రేలుడు, రైలు అదురు ఉండరాదు. అచ్చటి వారికి కూడ ఇది కొంత వెలయే. దామగుండమున పలుకుటకు భూమి కావలసివచ్చినది, ఔంఢాలో వినుటకు భూమి కావలసివచ్చినది.

వెబర్ మరణించిన పదునైదేండ్లకు అసలైన మ్రోత వినబడినది. ఆ వార్తను ప్రకటించిన వాషింగ్టన్ సభలో ఆయన భార్య, ఖగోళ శాస్త్రవేత్త వర్జీనియా ట్రింబుల్ ప్రేక్షకులలో కూర్చుండి వినెను. వెబర్ నిర్మించిన అల్యూమినియము స్తంభములలో ఒకదానిని హాన్‌ఫోర్డ్ నందలి లైగో కేంద్రమున దర్శకులు చూచుటకై నేడు నిలిపియున్నారు. నడుమునకు అంటించిన స్ఫటికములతో అది అచ్చట పడియున్నది. దాని ప్రక్కగా నడచిపోయి, నాలుగు కిలోమీటర్ల గొట్టములను చూడబోవుదురు.